సోలార్ గది తలుపు మీది పాస్‌వర్డ్

శుక్రవారం, రాత్రి

మా ఊరి సోలార్ గది తలుపు మీద పాస్‌వర్డ్ సుద్దముక్కతో రాసి ఉంటుంది. ఊరి సొత్తు ఊరందరికీ తెలిసి ఉండాలన్నది మా పద్ధతి. ఈరోజు ఊళ్లోకి వచ్చిన కొత్త మనిషెవరో దాన్ని ఫోటో తీసుకున్నాడట. ఊరికే తీశాడా? ఆ అంకెలుంటే ఎక్కడో కూర్చుని ఫోన్‌లోనే మా కరెంటు ఆపేయవచ్చు. మంచినీళ్ల మోటారూ ఆగిపోతుంది.

పెద్దనాన్నకు చెబితే నవ్వాడు. "ఏటే గుంటా, ఎండని ఎవుడెత్తుకుపోతాడే?"

"ఎండ కాదు పెద్నాన్నా, నీళ్లు."

"అయితే బేగి మార్సేయ్!"

ఆ గది చూసుకునేది నేనే కాబట్టి, వెంటనే మార్చేసి తలుపు తుడిచేశాను. 'గోప్యం' ఎంత అందమైన మాటో అని మొన్ననే ఒక పుస్తకంలో చూసి మురిసిపోయాను. చిన్నప్పటి నుంచి నాకు అన్నం పెట్టిన పక్కింటి అత్త సాయంత్రం వచ్చి, "కొత్త నెంబర్లేటే?" అని అడిగింది.

ఆమె చేతిలోని ఫోన్ వైపే చూశాను. తెలియదన్నాను.