నీసు డబ్బ

వికారాబాద్, సోమవారం

మా తాత నర్సప్పకు, మనుమరాలు స్నేహలత దండం పెట్టి రాసేది.

నువ్వు ఫోన్ల మాట్లాడితే యాలాల్ సగం ఊరు ఇంటది. అందుకే కిష్టప్ప చేతికి ఉత్తరమిస్తున్న. ఆయన రోజు పాల క్యాన్లతోని రైలుకు ఇటే వస్తడు గద.

మొన్న ఇంటికొచ్చినప్పుడు గూట్ల తెల్ల డబ్బ మర్చిపోయిన. కాలేజీల నా పరిశోధనకు చేసిన పొడి అది. మూత తియ్యకుండ పంపు తాతా.

ఉంట,
నీ స్నేహ

తా.క. ఒంట్ల ముసలితనం తెచ్చే ఖరాబును ఈ పొడి ఆపుతదా అని చూస్తున్నం. ఇంక ఏదీ తేలలే.

~

యాలాల్, మంగళవారం

చిరంజీవి స్నేహలతకు తాత దీవెనలు. రామకృష్ణ హరి.

జర ఆలస్యం చేసినవ్ బిడ్డా. నువ్వు పోయిన మర్నాడే మూత తీసిన. నేను మోకాళ్ల నొప్పులంటి, నువ్వు డబ్బ పెట్టి పోతివి. నాకోసం కాకుంటే ఇంకెవరికోసం? రోజు మజ్జిగల చెంచెడు కలుపుకుంటున్న. ఎంత తియ్యగున్నది! నిన్న కాగ్న వాగు దాక నడిచొచ్చిన. ఏకాదశికి పండరి నడక ఈ ఏడు ఖాయం. భజనోళ్లకు కూడ తలా ఇంత ఇచ్చిన. వాళ్లల్ల బాల్‌రాజ్ లేచి చిందేసిండు.

పండరినాథుడు నిన్ను చల్లగ చూడాలె,
తాత

తా.క. మీ నాయినమ్మ మాత్రం ముట్టదు. డబ్బ పేరెత్తితే మొకం తిప్పుకుంటది. ముసలిదాని నసీబు గంతే.

~

వికారాబాద్, మంగళవారం సాయంత్రం

తాతా, కాళ్లు మొక్కుత, ఆపు. అది తినేది కాదు. ఎవరికీ ఇయ్యకు. ఎందుకని అడగకు, ఉత్తరంల రాయలేను.

పరేషాన్ల ఉన్న,
స్నేహ

తా.క. ఎవరికన్న కడుపుల తిప్పిందా?

~

యాలాల్, గురువారం

బిడ్డకు తాత రాసేది. రామకృష్ణ హరి.

నాకు అంత సమజైంది. పెద్ద కంపెనీకి అమ్ముకుంటున్నరు, ఊరోళ్లు తింటే గుట్టు బయటపడ్తదని నీ భయం. సిగ్గులేదా? నేను గుడిల మైకుల చెప్పేసిన, పండరి తొవ్వ పొడుగున నడిచేటోళ్లందరికి మజ్జిగల ఈ పొడి మాదేనని. మూడు ఊర్లోళ్లు మాతో వస్తమన్నరు. ఇంకిన్ని డబ్బలు పంపు. నా మాట పోనియ్యకు.

మాట ఇచ్చినోడు,
తాత

తా.క. బాల్‌రాజ్ నీ ఫోటోతోని ఫ్లెక్సీ వేయిస్తున్నడు. కింద 'పాండురంగని ప్రసాదం' అని రాయమన్న.

~

వికారాబాద్, గురువారం సాయంత్రం

తాతకు,

ముందుగాల ఆ ఫ్లెక్సీ ఆపు.

ఇగ చెప్పక తప్పదు. సముద్రం పక్క చెరువులల్ల రొయ్యలు పెంచుతరు. వాటి తలకాయలు, పొట్టు ఊకెనే పారేస్తరు. వాటిల ఉండే మాంసకృత్తులను చిన్న చిన్న ముక్కలు చేసి తీసిందే ఈ పొడి. పెప్టైడ్లంటరు. నీ మెడల తులసి మాల ఉన్నదని ఇంట్ల రొయ్య పేరెత్తనీకి భయపడ్డ. గదే నా తప్పు. నన్ను కొట్టు, తిట్టు. మాల మాత్రం తియ్యకు తాతా, నీకు తెలిసి తిన్నది కాదు.

ఏడ్చుకుంట,
స్నేహ

తా.క. ఆ పొడి మస్తు చేదుంటది. నీకెట్ల తియ్యగున్నదో నాకైతే సమజ్ కాలే.

~

యాలాల్, శుక్రవారం

స్నేహలతకు,

పైన దేవుని పేరు రాసే మొకం లేదు. ఇరవై ఏండ్ల మాల. నేను తిన్నది చాలక నలుగురికి తినిపించిన. రేపు భజనల అందరి ముందట చెప్పి, మాల తీసి విఠలుని కాళ్ల కాడ పెడ్త. ఇగ పండరి లేదు, ఏం లేదు. నీ మీద మస్తు కోపమున్నది. నువ్వు రాకు.

నర్సప్ప

తా.క. మోకాళ్లు మళ్ల గుంజుతున్నయి.

~

యాలాల్, శనివారం

నా బంగారు తల్లి స్నేహకు నాయినమ్మ రామమ్మ రాసేది.

నాది నాలుగో తరగతి చదువు, నవ్వకు. మీ తాత మాల చేతుల పట్టుకొని గడప దాటుతుంటే నా పానం ఆగలే. కూసోబెట్టి చెప్పిన.

నువ్వు పోయిన నాడే నేను డబ్బ తెరిచిన. గుప్పున నీసు వాసన! చేపలు తిని పెరిగినదాన్ని, నాకు తెల్వదా? ఆయన చూస్తే ఇల్లు పీకి పందిరేస్తడని ఆ పొడిని వేరే దాంట్ల పోసి, నీ డబ్బల పుట్నాల పొడి, చక్కెర నింపిన. మీ తాత తాగింది గదే. బాల్‌రాజ్ చిందేసింది గా పుట్నాలకే.

"మరి అసలు పొడేది?" అన్నడు మీ తాత. గది అడుగుతడనే ఇన్నొద్దులు నోరు మూసుకున్న. పారేయబుద్ధి కాలే బిడ్డా. మాల వేసుకున్నది ఆయన, నీసు బందైంది నాకు. ఆయన మజ్జిగ తాగేటాళ్లకు నేను వంటింట్ల చింతపులుసుల ఇంత వేసుకున్న. చేదే. కాని వాసన మా అమ్మ పులుసు వాసనే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇప్పుడు ఆ పొడి ఏం మిగల్లే. నాకేం కాలే, ఫికర్ పడకు. నీ చదువుకు నష్టమైతే ఏమనుకోకు.

మీ తాత మాల మెడలేసుకొని భజనకు లేచిండు.

నీ నాయినమ్మ

తా.క. పోయేటోడు గడప కాడ ఆగిండు. అటిటు చూసి దగ్గరికొచ్చి, నా పెండ్లైనప్పటి సంది ఇననంత మెల్లగ అడిగిండు: "రుచి ఎట్లుండె?"