గడ్డి కూరిన దూడ

అక్కా, నువ్వు పోయిన చోట నీ దగ్గు తగ్గిందా? అత్తమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావ వేళకు తింటున్నాడా? మీరంతా కన్నుమూశాక ఇక్కడ మిగిలిన నేను బాగానే ఉన్నాను. నీ బర్రె గురించే నాకు బెంగ.

దాణా బస్తా ధర నెలనెలా పెరుగుతోంది. పొలాలు ప్లాట్లయ్యాక వరిగడ్డి కూడా దొరకడం లేదు. కిందటి నెల బర్రె మగదూడను ఈనింది.

"మగదానికి పాలు దండుగ చిన్నమ్మా, ఎన్ని దినాలు మేపుతం?" అన్నాడు నీ కొడుకు మల్లేశం.

ఊళ్ళో అందరూ అదే చేస్తున్నారు కదా అని నేనూ దూడను తల్లికి దూరంగా కట్టేశాను. పాలు లేక అరిచి అరిచి చచ్చిపోయింది.

తల్లి చేపడం మానేసి, పొదుగులోకి పాలు దించకుండా బిగబట్టింది. నువ్వు చేసినట్టే దూడ తోలు ఎండబెట్టి, గడ్డి కూరి, కుట్టి ముందు నిలబెట్టాను. నీ కాలంలో బర్రెకు కడుపు నిండేది. ఆ సంగతి నాకు తట్టలేదు. మొదటి రోజు తోలును నాకి పాలిచ్చింది. నిన్న చూస్తే కుట్టు ఊడదీసి, దూడ కడుపులోని గడ్డి లాగి తింటోంది.

"సూడు చిన్నమ్మా, మేత ఏడ దాసినవో దానికి ఎరుకైంది," అని మల్లేశం నవ్వాడు.

నేను ఆపలేదక్కా, తిననిచ్చాను. బర్రెను కబేళా కోతకు కొనే బేరగాడు శుక్రవారం పొద్దున వస్తానన్నాడు.