షవర్ గట్టు విషయమై

మార్చి 3, సోమవారం

బాత్రూమ్‌లో షవర్ మూలకు కొత్త గట్టు కట్టించవలసి వచ్చింది. పాత గట్టు టైల్స్ అతుకుల్లోంచి నీళ్లు ఇవతలికి పాకుతున్నాయి. ఈ ఇంట్లో నిర్ణయాధికారం నాదే గనుక తెల్ల మార్బుల్ అని నిర్ణయించాను. అద్దంలాంటి పాలిష్. జానెడు ఎత్తు. హద్దు అన్నాక కనబడాలి.

మేస్త్రీ తల గోక్కున్నాడు. మార్బుల్ సబ్బు నీళ్లకి జారుతుంది సార్, మచ్చలు కూడా పడతాయి, గరుకు గ్రానైట్ ఒకే పలక వేసేద్దాం, అతుకే ఉండదు అన్నాడు. ఎత్తు కూడా రెండు వేళ్లు చాలట, లోపలికి వాలు ఇస్తే నీళ్లు వాటంతటవే పోతాయట. నా భార్య వెంటనే, మేస్త్రీ చెప్పిందే కరెక్టు అంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఎవరి మాటైనా కరెక్టని ఒప్పుకున్న సందర్భం నా ఎరుకలో లేదు.

మార్చి 4, మంగళవారం

నేను ఉద్యోగమంతా ఆడిట్‌లో చేసి రిటైరైనవాణ్ణి. ఇద్దరు ఒకే మాట చెబితే అది నిజమని కాదు. ముందే మాట్లాడుకున్నారని అర్థం.

మార్చి 6, గురువారం

రెండు రాళ్ల శాంపిళ్లూ తెప్పించి, బాల్కనీలో పరిచి, సబ్బు నీళ్లు పోసి, స్వయంగా ఎక్కి పరీక్షించాను. గ్రానైట్ మీద నిలబడ్డాను. మార్బుల్ మీద కూర్చున్నాను. పడలేదు. కూర్చోవాలన్న ఉద్దేశం ముందుగా లేని మాట వాస్తవమే గాని, కూర్చున్న తీరులో లోపమేమీ లేదు.

నా భార్య పరుగెత్తుకొచ్చి, అయ్యో, పడ్డారా అంది. రాయిని దగ్గర నుంచి పరిశీలిస్తున్నానని తెలియజేశాను. మామూలుగానైతే వారం రోజులు చెప్పుకుని నవ్వేది. ఇవాళ నవ్వలేదు. ఇది అత్యంత అనుమానాస్పదం.

మార్చి 7, శుక్రవారం

నా ఎడమ చెప్పు కనబడటం లేదు. కుడిది ఉంది.

మార్చి 8, శనివారం

చెప్పు దొరికింది. మేస్త్రీ సంచిలో, తాపీకీ రసమట్టానికీ మధ్య. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, అమ్మగారినే అడగండి సార్, మధ్యలో నన్ను ఇరికించకండి అన్నాడు. అమ్మగారినే అడిగాను. అరిగిపోయిందిగా, కొత్తది తెమ్మని సైజు కోసం ఇచ్చాను అంది. గట్లు కట్టే మనిషి చెప్పులు కూడా తెస్తాడని నాకింతవరకు తెలియదు.

చెప్పును తనిఖీ చేశాను. బొటనవేలి దగ్గర, గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగింది. అదే రోజు కొన్న కుడి చెప్పు కొత్తదానిలా ఉంది. కంపెనీ వాడి లోపం.

మార్చి 9, ఆదివారం

గుట్టు రట్టయింది.

నా భార్య పెరట్లో బట్టలు ఆరేస్తూ మా అత్తగారితో ఫోన్‌లో మాట్లాడుతోంది. పట్టుకోవడానికి గోడకి స్టీలు రాడ్డు కూడా పెట్టిస్తున్నానమ్మా, ఆయనకి ఇప్పుడే ఏమీ అనకు, అసలే అభిమానం ఎక్కువ, ఒప్పుకోరు అంటోంది. నేను కిటికీ దగ్గర యాదృచ్ఛికంగా చాలాసేపు ఉన్నాను.

పొట్టి గట్టు, గరుకు రాయి, చేతికి రాడ్డు. సాక్ష్యాధారాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి: ఈ ఇంటికి ఒక వృద్ధురాలు మకాం మార్చబోతున్నారు. ఒప్పుకోనిది నేను.

మీ అమ్మగారు వచ్చి ఉంటానంటే నేను కాదంటానా, ఈ చాటుమాటు వ్యవహారం దేనికి అని నేరుగా అడిగేశాను. నా భార్య చేతిలోని తడి టవల్‌ను మరోసారి పిండి తీగ మీద వేసింది. సరే, అలాగే అనుకోండి అంది. నేరాంగీకారంగా పరిగణించాను. మానవతా దృక్పథంతో గ్రానైట్‌ను మంజూరు చేశాను.

మార్చి 12, బుధవారం

గట్టు పని పూర్తయింది. చూడటానికి మా అత్తగారు వచ్చారు. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టి, దారిలో ఉన్న సిమెంటు బస్తానూ మేస్త్రీ బకెట్‌నూ ఒక్క అంగలో దాటేశారు. గట్టును మడమతో గట్టిగా తొక్కి చూసి, రాయి బాగుంది అన్నారు. మీ సౌకర్యం కోసమే అత్తయ్యగారూ, ఆ రాడ్డు కూడా మీకే అని నేను సగౌరవంగా మనవి చేసుకున్నాను.

నాకెందుకు బాబూ రాడ్డు, మా డాబా మీద నీళ్ల ట్యాంకు ఇప్పటికీ నేనే ఎక్కి చూసుకుంటాను అంటూ పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నా కాళ్లకేసి చూశారు. నవ్వు ఆగింది. ఆ ఎడమ కాలు డాక్టర్‌కి చూపించారా బాబూ అన్నారు, మెల్లగా.

మేస్త్రీ తుడిచిన రాయినే మళ్లీ తుడుస్తున్నాడు. వంటింట్లో నా భార్య తిప్పిన కుళాయి ధారగా పోతోంది, కింద గిన్నె పెట్టిన చప్పుడైతే లేదు.

నేను తెల్ల మార్బుల్ సుగుణాల గురించి కొంతసేపు మాట్లాడాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం, ఉదయం

రావలసిన ముసలి మనిషి వచ్చేసినట్టు ధ్రువీకరించడమైనది. రాడ్డు పట్టుకున్నాడు. గట్టు దాటాడు. ఎడమ కాలు తగల్లేదు.

తలుపు అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు. ఎవరన్న విషయంలో అనుమానం లేదు.