తర్వాతి బిడ్డ కోసం సూది

1996 ఆగస్టు, గురువారం. వేలూరు ఆసుపత్రి

పాప పుట్టి రెండు రోజులైంది. నా రక్తం నెగటివ్, దానిది పాజిటివ్. రేపు మధ్యాహ్నంలోగా సూది వేయించుకోకపోతే నా ఒంట్లో పాజిటివ్ రక్తానికి విరోధం పుట్టి తర్వాతి బిడ్డకు ప్రమాదం కావచ్చని డాక్టరమ్మ చెప్పింది.

గుడియాత్తం నుంచి వచ్చిన అత్త వద్దంటుందనుకున్నాను. ఆమె నవ్వింది.

"మగ్గం మీద లుంగీ పడుగు అయిపోయినాక దారాల కొసలు అచ్చులోనే వదిలిపెడతాము గదమ్మా, ఇంకో పడుగు అతికేదానికి. ఇదీ అంతే. ఏపిచ్చుకో. వచ్చే ఏటికంతా మగబిడ్డ చేతిలో ఉంటాడు."

"కుట్లే ఇంకా మానలేదత్తా."

"మానతాయిలే. నీ మొగుడు పుట్టిన పదోనాడే నేను రాట్నం ముందర కూసున్నా."

అప్పటి నుంచి సూది వద్దని నాకే అనిపిస్తోంది. వేయించుకుంటే ఇంకో కాన్పుకు ఒప్పుకున్నట్టే అవుతుందేమో. టీచరు ట్రైనింగు సగంలో ఆగి ఉంది. మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనొక్కదాన్నే. ఆలోచించే ఓపిక కూడా లేదు.

కానీ ఎప్పుడో నాకే ఇంకో బిడ్డ కావాలనిపిస్తే? నా పంతానికి ఆ బిడ్డ ఎందుకు బలి కావాలి?

వేయమని నర్సమ్మకు చెబుతాను. అత్త సంబరపడుతుంది, పడనీ. మళ్ళీ కనాలో వద్దో, ఎప్పుడో, నేను ఎవరికీ మాటివ్వలేదు. రేపు ఆయన వచ్చినప్పుడు ఇదే చెప్పాలి, అత్త పక్కన లేకుండా చూసి...