ఒకే పిల్లకు మూడు కాగితాలు

అన్నయ్యా,

అందరూ కులాసానా అని అడగడానికి ఈసారి నోరు రావట్లేదు.

నీ కుట్టు కార్ఖానాలో ఉన్న రెండు జడల పిల్లకు పదహారేళ్లని మా బడి నుంచి కాగితం కావాలన్నావు. గుమాస్తాను కదా, సీలు నా సొరుగులోనే ఉంటుంది. నీ మాట కాదనలేక సంతకం పెట్టి, సీలు వేసిచ్చాను.

ఇవాళ పిల్లల రక్షణ కమిటీ వాళ్లు మమ్మల్నందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ఆసుపత్రి నర్సు ఆ పిల్ల వేలికి సూది దిగినప్పుడు కట్టు కట్టి రాసిన చీటీ తెచ్చింది. కార్మిక శాఖ ఆయన నేనిచ్చిన కాగితం తెచ్చాడు. నేను బడి రిజిస్టరు తీసుకెళ్లాను. అందులో ఆ పిల్లకు పదకొండేళ్లే. ఇన్నాళ్లూ ఎవరి కాగితం వాళ్ల బీరువాలో ఉండబట్టి నీ ఆట సాగింది.

"ఈ సంతకం ఎవరిది?" అని ఆ బల్ల దగ్గరే ఉన్న ఎస్సైగారు అడిగారు. నాదేనని చెప్పాను. నీ కార్ఖానా వెనక గదిలో ఇంకెంతమంది పిల్లలున్నారో కూడా చెప్పాను.

నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు. వదిన నన్ను తిట్టిపోస్తుంది, తిట్టనీ.

రేపు పొద్దున్నే వాళ్లంతా కలిసి నీ దగ్గరికి వస్తున్నారు. ఈ ఉత్తరం ఎల్లుండి గానీ నీకు అందదు. ఫోను పక్కనే ఉన్నా, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నీ చెల్లెలు