పద్నాలుగుంపావు అంగుళాల చెయ్యి

నా శ్రీమతికి,

ఇక్కడ నేనూ, కుట్టుమిషనూ, కిటికీలో నువ్వు పెట్టి వెళ్ళిన మొక్కా క్షేమం. అక్కడ నువ్వూ, నీ వార్డులోని పదహారు మంచాలవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు. ఉప్పు తగ్గించాను, దాంతోపాటు తిండి మీద ఇష్టమూ తగ్గింది. కొట్టుకు నడిచే వెళ్తున్నాను.

"మణికట్టుకు పెట్టే బీపీ మిషన్ కొని నా దగ్గర దాస్తున్నారా?" అని అడిగావు. అది అంకెలు సరిగ్గా చూపదని నువ్వే అంటావు, నర్సు మొగుణ్ణయి ఉండి ఆ పని చేస్తానా? మందుల షాపాయన ఆ రోజు నాలుగు రకాలు బల్ల మీద పరిచాడు. వాచీలాంటి దాన్ని చూపించి, "ఇది తీస్కోండి సార్, జేబులో పడేసుకోవచ్చు" అన్నాడు. "ఇది పట్టుకెళ్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ" అన్నాను. ఇంట్లో నువ్వు లేవన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది.

చేతికి పట్టీ చుట్టేదే కొన్నాను, అంకెలు పైకి చదివి చెప్పే రకం. "చదివి చెప్పేది ఎందుకు, చూపు మందగించిందా?" అన్నావు. చూపుకేం, సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కిస్తాను. పొద్దున్నే ఇంట్లో ఒక ఆడగొంతు వినబడుతుందని కొన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను. అది అంకెలు చెప్పి ఊరుకుంటుంది. నువ్వైతే పంపు నొక్కుతూనే "కాసేపు ఆ నోరు మూస్తారా, మీ కబుర్లకే అంకె పైకి పోతోంది" అని కసిరేదానివి. చూసుకునే ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలని దీని కాగితంలో రాసి ఉంది. ఆ ఒక్క నియమం మాత్రం నాకు మహా తేలిక.

పట్టీ కొలత చూశారా అని కూడా అడిగావు. అక్కడే ఉంది అసలు సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

"రెండు నెలలుగా అంకెలు దిగడం లేదు. మిమ్మల్ని అలా వదిలేసి ఇక్కడ పరాయివాళ్ళ చేతులకు పట్టీలు చుట్టలేను. ఒకటో తారీఖున రాజీనామా ఇచ్చేస్తాను" అని రాశావు. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూస్తే వచ్చిన హెడ్‌నర్సు ఉద్యోగం అది. చదవగానే ముందు సంతోషం వేసింది, అదీ దాచను. ఆ తర్వాత నిజం రాయడానికి కూర్చున్నాను.

ఆ అంకెలు తప్పు. "ఈ పట్టీ అందరికీ సరిపోతుంది సార్" అని షాపాయన అంటే తలూపి తెచ్చుకున్నాను. ఆ మాటే నా కొట్లో ఎవరైనా అంటే కత్తెర తీసి బయటికి తరిమేవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చేతులూ కొలిచినవాణ్ణి, నా చెయ్యి కొలుచుకోలేదు. రెండో వారంలో పట్టీ మరీ బిగుతుగా ఉందనిపించి టేపు చుట్టి చూస్తే పద్నాలుగుంపావు అంగుళాలు తేలింది. ఆ పట్టీ పన్నెండున్నర దాకానే. వెంటనే పెద్ద పట్టీ తెచ్చాను. నూట యాభై ఆరు కాస్తా నూట ముప్పై ఎనిమిదికి దిగింది. ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉంటోంది.

కానీ అప్పటికే ఆ మొదటి అంకెలు చూసి నువ్వు ఒకే వారంలో రెండు ఉత్తరాలు రాశావు. అంతకుముందు నెలకొకటి, అదీ అరపేజీ. ఆ రెండింటినీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ తర్వాత రోజూ పెద్ద పట్టీతో నా కోసం ఒకసారి చూసుకునేవాణ్ణి. చిన్న పట్టీ చుట్టుకుని నీ కోసం ఇంకోసారి. మిషన్ చెప్పిందే కదా రాస్తున్నాను, ఇందులో అబద్ధమేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధమే. నీకు కంటిమీద కునుకు లేకుండా చేసి ఉత్తరాలు రాబట్టుకున్నాను.

రాజీనామా ఇవ్వకు. నా బుద్ధి మళ్ళీ గడ్డి తినకుండా ఆ చిన్న పట్టీని ఈ ఉత్తరంతోనే పంపేస్తున్నాను. తిట్టాలనుకుంటే తిట్టు, ఎంత పెద్ద ఉత్తరమైనా చదువుతాను. ఒంట్లో నాకు బాగానే ఉంది. ఇంట్లోనే ఏమీ బాగాలేదు.

ఇకమీదట నేను పంపే అంకెలు మంచివే ఉంటాయి. కంగారుపడి రాయాల్సిన అవసరం నీకు ఉండదు. లేకపోయినా రాస్తావా?

ఇట్లు,
అందరి కొలతలూ తీసి తనది మరిచిన
మీ ఆయన