ఇద్దరికీ ఒకే పుస్తకం

ఫిబ్రవరి 9, ఆదివారం

వదినకు నమస్కారాలు.

మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, అబద్ధంతో ఉత్తరం మొదలుపెట్టలేను. మా చిన్నది రెండు నెలలుగా బళ్ళో నోరు తెరవడం లేదు. రెండు వీధుల అవతల ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎదురుపడితే నా నోటి సంగతి నీకు తెలుసుగా, అసలు విషయం వదిలేసి కొసరు పట్టుకుంటుంది.

రేపే మీ గువ్వను ఆ బడి మాన్పిస్తున్నావని పాలావిడ చెప్పింది. ఒక్క నాలుగు రోజులు ఆగు వదినా.

మూడో తరగతిలో చేరినప్పట్నుంచీ వీళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒకే పుస్తకం పెట్టుకుని చదివేవాళ్ళు కదా. పంతులమ్మ విడదీసి మా దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టింది. మొదటిరోజే పాఠం చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయిందట. పిల్లలు నవ్వారట. ఆ తర్వాత నోటికి వచ్చిన ఎక్కాలు కూడా అప్పజెప్పడం మానేసింది. ఇంట్లో చూస్తే వాగుడుకాయ. ఎప్పుడైనా మాట తడబడితే తొందర అనుకున్నాను గానీ నత్తి అని తోచలేదు. నా కళ్ళెప్పుడూ కుట్టే చొక్కాల కాజాల మీదే ఉంటాయి మరి.

మొన్న కుట్టుపని పక్కన పడేసి, దానితోపాటు నేనూ పైకి చదివాను. గడగడా చదివేసింది! ఎవరో తలుపు తట్టారని నేను ఆపాను. అదీ ఆగిపోయింది.

"మధ్యలో ఆపకమ్మా. గువ్వయితే నాకు మాట వచ్చేదాకా నాతో చదువుతుంది, వచ్చాక మెల్లగా గొంతు తగ్గిస్తుంది" అంది.

ఎనిమిదేళ్ళ పిల్లలు తమలో తాము కనిపెట్టుకున్న పద్ధతి అది. పెద్దవాళ్ళకు కబుర్లలా కనబడింది. నిన్న వెళ్ళి చెబితే పంతులమ్మ ముక్కుమీద వేలేసుకుంది. బుధవారం చదివించే పరీక్షలో ఇద్దరినీ కలిసి చదవనిస్తానంది. అప్పుడూ నోరు విప్పకపోతే మా దాన్ని మళ్ళీ మూడులోనే ఉంచేస్తారు. గువ్వ పక్కన లేకపోతే అది విప్పదు.

నీ కోపం న్యాయమే. మీ పిల్ల పక్కపిల్లల చదువు చెడగొడుతోందని పంతులమ్మ అన్నరోజు నువ్వు మా ఇంటికొచ్చి ఏడ్చావు. నేను మంచినీళ్ళిచ్చి, నీతోపాటు ఆవిణ్ణి తిట్టిపోశాను. బుధవారం దాటాక ఏ బడిలో వేసినా అడ్డురాను. కొత్త యూనిఫారం నేనే కుట్టిపెడతాను.

ఇట్లు,
నువ్వు నోరారా వదినా అని పిలిచే
మిషనావిడ

తా.క. చదువు చెడగొడుతోందన్న ఆ మాట పంతులమ్మకు తనంతట తానుగా తట్టలేదు. గువ్వ చదువుతుంటే మాది చిలకలా వల్లిస్తోందని, నీ పిల్ల పక్కనుంటే మాది ఎప్పటికీ వెనకే ఉంటుందని వెళ్ళి చెప్పింది నేనే. బెంచీ మార్పించిందీ నేనే. కుళ్ళుబోతు బుద్ధి. నువ్వు ఏడుస్తుంటే చూస్తూ కూడా ఆ సంగతి దాచాను. ఇవాళ పొద్దున మా దానికి చెప్పేశాను. "మరి అత్తకి చెప్పావా?" అని అడిగింది. ఒక్క అక్షరం దగ్గరా ఆగలేదు.